ముడి

ఆమె స్టేషన్‌కు వచ్చేసరికి ఉదయం పదిన్నర. చంకలో హెల్మెట్, ఒంటి మీద నల్ల జాకెట్, కాళ్లకు తెల్ల షూ. రిసెప్షన్‌లో కూర్చున్న మహిళా కానిస్టేబుల్‌తో ఒకటే మాట చెప్పింది.

"రాత్రి నిమ్స్ ముందర యాక్సిడెంట్ చేసింది నేనే."

కానిస్టేబుల్ కుర్చీ చూపించి లోపలికి వెళ్లింది.

అది 2024 జూన్ మూడో వారం. పంజాగుట్ట స్టేషన్‌లో రైటర్ బల్ల మీద రెండు వరుసల కాగితం ఒకటి అంటించి ఉంది. ఎడమవైపు ఐపీసీ సెక్షన్లు. కుడివైపు జులై 1 నుంచి అమల్లోకి రానున్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు. తెల్లవారుజామున ఎఫ్‌ఐఆర్ రాసేటప్పుడు రైటర్ ఎడమ వరుసలోనే ఆగాడు. 304ఏ. నిర్లక్ష్యంగా బండి నడిపి ఒకరి చావుకు కారణమైతే రెండేళ్ల దాకా జైలు. బెయిల్ స్టేషన్‌లోనే దొరుకుతుంది. ఇంకో పది రోజులు గడిస్తే అదే నేరానికి ఐదేళ్లు.

చనిపోయిన మనిషి గురించి రెండు మాటలు చెప్పాలి. ఆ రోజు స్టేషన్‌కు వచ్చినవాళ్లెవరూ ఆయన గురించి అడగలేదు. ఊరు నారాయణపేట వైపు. భార్యకు కిడ్నీ జబ్బు. ఆమె పైన వార్డులో, ఆయన కింద ఫుట్‌పాత్ మీద. నిమ్స్ బయట రాత్రిళ్లు అలా పడుకునేవాళ్లు చాలామందే ఉంటారు. పన్నెండూ నలభైకి ఫ్లాస్కు పట్టుకుని టీ కోసం రోడ్డు దాటుతున్నాడు. ఖైరతాబాద్ వైపు నుంచి వచ్చిన బండి కొట్టేసింది. బండి పడలేదు. ఊగి, నిలదొక్కుకుని, పంజాగుట్ట చౌరస్తా మీదుగా అమీర్‌పేట వైపు వెళ్లిపోయింది. ఏ గేటులోంచి బయటికి వచ్చాడో అదే గేటులోంచి ఆయన్ను స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్లారు. నాలుగింటికి ప్రాణం పోయింది. పైన నిద్రపోతున్న భార్యకు ఆ మాట ఎవరు చెప్పాలన్నది పొద్దెక్కేదాకా తేలలేదు.

కేసు డీఐ చేతికి వచ్చింది. డీఐ అంటే డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్. హైదరాబాద్ స్టేషన్లలో ఎస్‌హెచ్‌వో స్టేషన్‌ను చూసుకుంటే డీఐ దర్యాప్తులు చూసుకుంటాడు. ఈయన పంజాగుట్టకు వచ్చి అయిదు నెలలు కాలేదు. ఆయనొక్కడే కాదు, అక్కడ దాదాపు అందరూ కొత్తవాళ్లే. దానికో కారణం ఉంది.

2023 డిసెంబరులో ఒక అర్ధరాత్రి దాటాక ప్రజాభవన్ ముందున్న బారికేడ్లను ఓ కారు ఢీకొట్టింది. కారు తానే నడిపానంటూ ఒక మనిషి ముందుకొచ్చాడు. అతను బోధన్ మాజీ ఎమ్మెల్యే ఇంట్లో పనిచేసేవాడు. కేసు అతని మీదికే వెళ్లింది. తర్వాత పై అధికారులు సీసీ కెమెరాలు చూశారు. స్టీరింగ్ ముందు ఉన్నది మాజీ ఎమ్మెల్యే కుమారుడని పోలీసులే కేసు మార్చి రాశారు. పంజాగుట్ట ఇన్‌స్పెక్టర్ సస్పెండయ్యాడు. 2024 జనవరి 31న కమిషనర్ కొత్తకోట శ్రీనివాస్ రెడ్డి ఇన్‌స్పెక్టర్ నుంచి హోంగార్డు దాకా ఆ స్టేషన్‌లోని 80 మందికి పైగా సిబ్బందిని ఒక్క ఉత్తర్వుతో కదిలించేశారు.

ఖాళీ అయిన ఆ కుర్చీల్లో ఒకదానిలోకి వచ్చినవాడు ఈ డీఐ. "నేనే నడిపాను" అన్న మాట వినబడగానే పెన్ను తీసే మనిషి కాదు. పైగా పోలీసు ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదు. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షన్ ఆ సంగతి ఎప్పుడో తేల్చేసింది. కావలసింది ఒప్పుకోలు కాదు, రుజువు.

అమ్మాయిని లోపలికి పిలిపించాడు. వయసు ఇరవై ఆరు. నల్లగొండ జిల్లా. బీఈడీ చేసింది. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో టెలీకాలర్. ఫ్రీ డెమోకి రమ్మని పిల్లలకు ఫోన్లు చేసే పని. బల్కంపేటలో గది. తోడుండే అమ్మాయి నర్సు, ఆ రాత్రి డ్యూటీలో ఉంది.

"బండి ఎవరి పేరు మీద ఉంది?"

"నా పేరు మీదనే సార్. ఈఎంఐ గూడ నేనే కడుతున్న."

"రాత్రి ఎక్కడికి వెళ్లావు?"

"ఖైరతాబాద్‌ల ఫ్రెండ్ బర్త్‌డే. వచ్చేటప్పుడు నిమ్స్ కాడ ఆయన అడ్డం వచ్చిండు. భయమైంది. ఆపలే."

"ఇంట్లో ఎవరెవరు?"

"అమ్మ, నాన్న, తమ్ముడు. తమ్ముడు ఇక్కడనే ఉంటడు. ఎమ్మెస్‌కు అమెరికా పోతున్నడు. సీటొచ్చింది. లోనొచ్చింది. ఇరవై ఏడో తారీకు వీసా ఇంటర్వ్యూ."

తన గురించి అడిగిన ప్రశ్నలకు ముక్క ముక్క జవాబిచ్చిన పిల్ల తమ్ముడి గురించి అడగనివి కూడా చెప్పింది. డీఐ ఆ తేదీ రాసుకున్నాడు.

"నువ్వేం చేద్దామనుకుంటున్నావు?"

"టెట్ పాసైన. వచ్చే నెల డీఎస్సీ ఉన్నది."

పదకొండు వేల అరవై రెండు టీచరు పోస్టులు. తెలంగాణలో బీఈడీ చేసిన పిల్లలందరికీ నోటికొచ్చిన అంకె అది.

"కేసుంటే అటెస్టేషన్ ఫారంలో రాయాలి. ఉద్యోగం వచ్చినా చేతికి రాకపోవచ్చు. తెలుసా?"

"తెల్సు సార్."

హెడ్ కానిస్టేబుల్ డీఐ చెవి దగ్గరికి వంగాడు. "పల్సర్ సార్. ఈ పిల్ల నడిపిందంటే నమ్మబుద్ధి కావట్లేదు."

"నమ్మడం ఎందుకు, చూద్దాం పదండి," అన్నాడు డీఐ.

బండిని ఆమే తీసుకొచ్చి స్టేషన్ ఆవరణలో పెట్టింది. ఎడమ అద్దం విరిగి ఉంది. హ్యాండిల్ కొద్దిగా వంగింది. దాని జోలికి పోకుండా పక్కనున్న కానిస్టేబుల్ బండి ఇచ్చారు. అదీ గేరు బండే. స్టాండు తీసింది, క్లచ్ పట్టింది, మొదటి గేరులో కదిలించి రెండోది మార్చింది. జీపులకూ గోడకూ మధ్య ఉన్న సందులోంచి తిప్పుకొచ్చి కాలు ఆనించకుండా ఆపింది. ఊళ్లో నాన్న స్ప్లెండర్ మీద పాలక్యాన్లు డెయిరీకి వేసేదట. పదో తరగతి నుంచీ.

హెడ్ కానిస్టేబుల్ మరేమీ అనలేదు.

లోపల కంప్యూటర్ మీద నాలుగు చోట్ల కెమెరాల్లో దొరికిన దృశ్యాలు సిద్ధంగా ఉన్నాయి. నిమ్స్ ఎదుటి మెడికల్ షాపు, పంజాగుట్ట చౌరస్తా, ఫ్లైఓవర్ కింద, అమీర్‌పేట మెట్రో స్తంభాల దగ్గర. బండి నంబరులో చివరి రెండు అంకెలు తెలియడం లేదు. మనిషి ముఖం హెల్మెట్‌లో ఉంది. నల్ల జాకెట్. తెల్ల షూ, పక్కన ఎర్ర గీత. డీఐ తెర వంక చూశాడు, గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మాయి వంక చూశాడు. అదే హెల్మెట్, అదే జాకెట్, అదే ఎర్ర గీత.

రైటర్ కాగితాలు సర్దాడు. "41ఏ నోటీసు రాయమంటారా సార్?"

అప్పుడే తండ్రి వచ్చాడు. తెల్ల చొక్కా, పంచె, చేతిలో మూతి కట్టిన ప్లాస్టిక్ కవరు. కూతురు ఫోన్ చేస్తే తెల్లారకముందే బయల్దేరి వచ్చానన్నాడు. డీఐ బల్ల ముందు రెండు చేతులూ జోడించాడు.

"నా బిడ్డ తప్పు చేసింది సార్. ఇడిసిపెట్టుండ్రి అనను. చట్టం ఎట్లుంటె అట్ల చెయ్యుండ్రి. జామీను కాయితాలు తెచ్చిన."

కళ్లు తుడుచుకుని బయటి బెంచీ మీద కూర్చున్నాడు.

"ఇరవై రెండేళ్ల సర్వీసు సార్ నాది," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "పిల్లలు ఏం చేసినా మావాడు అట్లాంటోడు కాదనే తండ్రులే వస్తారు. తప్పును తప్పన్న తండ్రిని ఇవాళే చూశాను."

డీఐ ఆ మాట విన్నాడో లేదో. ఆయన చూపు కింద ఉంది. అమ్మాయి షూ లేసుల మీద.

బల్లపరుపు తెల్ల లేసులు అవి. రోజూ దుమ్ములో తిరిగి బూడిదరంగుకు దిగాయి. లేసు ఎక్కడ ఎండకూ దుమ్ముకూ తగులుతుందో అక్కడ మాస్తుంది. కన్నంలో దూరి ఉన్న చోట మాత్రం కొన్నప్పటి తెలుపు అలాగే ఉండిపోతుంది. చాలాకాలం ఒకే పాదానికి కట్టిన షూ అయితే ఆ తెల్ల మచ్చ కన్నం దాటి బయటికి రాదు. వచ్చినా ఒక నూలుపోగంత. ఆమె షూలో ప్రతి కన్నం పక్కనా అంగుళం మేర అవతల ఒక తెల్ల మచ్చ ఉంది. ఎడమ షూలోనూ అంతే, కుడి షూలోనూ అంతే. షూ రెండు అంచులూ ఒకదానికొకటి తగిలేదాకా ఎవరో లేసు గుంజి బిగించారు. మిగిలిన కొసలు నేలకు తగులుతున్నాయి. చివర పువ్వు ముడి కాదు, గట్టి ముడి.

"ఈ షూ ఎప్పుడు కొన్నావమ్మా?"

"రెండేండ్లైంది సార్."

"రోజూ ఇవే వేసుకుంటావా?"

"ఇవే సార్."

"ఒకసారి విప్పు."

ఆమె వంగింది. ముడి మీద వేళ్లు పెట్టింది. గోటితో లాగింది. రాలేదు. తలెత్తి తలుపు వంక చూసింది. మళ్లీ వంగింది. మహిళా కానిస్టేబుల్ మోకాళ్ల మీద కూర్చుని సాయం పట్టింది. ఎంత లాగితే అంత బిగుసుకుంది తప్ప ఊడలేదు.

"కత్తెర తెస్తాను సార్," అంది కానిస్టేబుల్.

"కత్తిరించొద్దు. కాలు పైకి లాగమ్మా."

ఆమె మడమ ఎత్తింది. ముడి ముడిగానే ఉంది, లేసులు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. పాదం షూలోంచి బయటికి జారి వచ్చింది. వెంటే ఒక కాగితపు ఉండ నేల మీద పడింది. ఉండ చుట్టిన పాత దినపత్రిక. రెండో షూ విదిలిస్తే అందులోంచి ఇంకొకటి.

షూ అడుగున అచ్చువేసిన సైజు తొమ్మిది.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. అమ్మాయి వట్టి పాదాలు దగ్గరికి లాక్కుని కుర్చీ కింద పెట్టుకుంది.

"షూ ఎవరివమ్మా?"

"నావే సార్."

"మీ తమ్ముడి సైజు ఎంత?"

"నేనే నడిపిన సార్," అంది. గొంతు పెరగలేదు, తగ్గలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఎన్ని విధాల అడిగినా ఆ మూడు మాటలే.

డీఐ షూ రెండూ ముడి కదలకుండా తీసి బల్ల కింద పెట్టించాడు. హెడ్ కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని అమీర్‌పేట బయల్దేరాడు.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం. మియాపూర్ నుంచి వచ్చే లైనూ నాగోల్ నుంచి వచ్చే లైనూ ఒకదాని మీదుగా ఒకటి వెళ్లేది అక్కడే. కింద మైత్రీవనం చుట్టూ గోడ కనబడకుండా బోర్డులు. జావా, పైథాన్, డేటా సైన్స్, నలభై అయిదు రోజుల్లో ఉద్యోగం. ఆ సందుల్లోకి రెండు రాష్ట్రాల పల్లెల నుంచి పిల్లలు వస్తారు. ఒక గదికి నాలుగు మంచాల హాస్టళ్లలో ఉండి, ఒక్కో బోర్డు కింద మెట్లెక్కి, కొందరు ఉద్యోగంలోకి, కొందరు విమానంలోకి వెళ్తారు. ఇంటి దగ్గర పొలం కాగితాలు బ్యాంకులోకి వెళ్తాయి. ఈ సందులు ఎందరి ఇళ్లు నిలబెట్టాయో చెప్పడం కష్టం. ఎవరు ఆగిపోతే ఎవరు మెట్లెక్కారన్న లెక్క మాత్రం ఏ బోర్డు మీదా ఉండదు.

హాస్టల్‌లో కుర్రాడు లేడు. ఆదిత్య ఎన్‌క్లేవ్ వైపు వీసా కన్సల్టెన్సీలో ఉన్నాడని పక్క మంచం వాడు చెప్పాడు. రెండో అంతస్తు. గోడ మీద చిలుకూరు బాలాజీ పటం, దాని కింద విమానం బొమ్మ. లోపల మాక్ ఇంటర్వ్యూ నడుస్తోంది. బల్లకు ఇవతల నీలం చొక్కా, టై కట్టుకున్న కుర్రాడు.

"హూ ఈజ్ స్పాన్సరింగ్ యూ?" అడుగుతున్నాడు అవతలి మనిషి.

"మై ఫాదర్," అన్నాడు కుర్రాడు.

డీఐ బల్ల కిందికి చూశాడు. ఇస్త్రీ ప్యాంటు కింద హవాయి చెప్పులు.

బయట వరండాలోకి పిలిచి ఒక్కటే అడిగాడు. "షూ ఏవి?"

కుర్రాడు జవాబు చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాడు. మూడోసారి ఏడుపే వచ్చింది.

"అక్కనే పోతనన్నది సార్. నేను వద్దన్న. ఇనలే. నీ బతుకు ఆగమైతది, నేను చూసుకుంట అన్నది."

ఆ ఒప్పుకోలు కూడా చెల్లదు. డీఐ ఆ మాటలతో ఆగలేదు. ఖైరతాబాద్‌లో పుట్టినరోజు చేసుకున్న స్నేహితులు ఎవరో కనుక్కున్నాడు. ఫోన్ తీసుకున్నాడు. అందులో పదకొండున్నరకు దిగిన ఫొటో ఉంది. కేకు ముందు అయిదుగురు. ఒకడి ఒంటి మీద నల్ల జాకెట్, కాళ్లకు తెల్ల షూ. హాస్టల్ గేటు కెమెరాలో ఒంటిగంటకు లోపలికి వచ్చిన మనిషి హెల్మెట్ తీశాడు, ముఖం స్పష్టంగా పడింది. పక్క మంచం వాడి దగ్గర వాంగ్మూలం రాయించుకున్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకల్లా కేసు నిలబడింది.

జీపులో ముందు సీట్లో కూర్చున్న హెడ్ కానిస్టేబుల్ చాలాసేపు మాట్లాడలేదు. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అన్నాడు.

"మా అక్క ఏడో తరగతిలో బడి మానేసింది సార్. ఇద్దరికీ ఫీజు కట్టలేరని. నేను చదువుకున్నాను. ఇప్పటికీ రాఖీకి వస్తే నాకే డబ్బులిచ్చి పోతుంది. అక్కలు ఇంతే."

డీఐ తలూపాడు. ఆయన కూడా ఆ సంగతే ఆలోచిస్తున్నాడు. ఉద్యోగం గుమ్మం దాకా వచ్చిన పిల్ల తమ్ముడి షూలో కాగితం కుక్కుకుని ఇంత దూరం వచ్చింది. ఆమె మీద తప్పుడు సమాచారం కేసు పెట్టడానికి తన చేతులు రావు.

స్టేషన్‌కు చేరేసరికి రెండు దాటింది. అమ్మాయి అదే కుర్చీలో ఉంది. మహిళా కానిస్టేబుల్ తెచ్చిన అన్నం పొట్లం విప్పకుండా పక్కన ఉంది. తండ్రి బయటి బెంచీ మీదే ఉన్నాడు.

"మీ తమ్ముడు అంతా చెప్పాడమ్మా. షూ వాడివే. బండి నడిపింది వాడే."

ఆమె పొద్దున్నుంచి మొదటిసారి నేరుగా ఆయన ముఖంలోకి చూసింది.

"నాన్నకు చెప్పిండ్రా సార్?"

"ఇంకా లేదు."

"చెప్పకుండ్రి."

"ఎందుకు? నువ్వే ఇష్టపడి వస్తానన్నావట కదా."

ఆమె అవుననలేదు. కాదనలేదు.

రైటర్ లోపలికి వచ్చాడు. కూతురు మీద కేసు ఉన్నా లేకపోయినా ఆ పెద్దాయన వివరాలు రాసుకోవాలన్నాడు. తండ్రిని పిలిచారు. ఆధార్ అడిగారు. ఆయన ప్లాస్టిక్ కవరు బల్ల మీద పెట్టాడు. దాని మూతికి పురికొసతో గట్టి ముడి వేసి ఉంది. వడ్ల బస్తా మూతికి వేసే ముడి అది. తెలియనివాడు ఎంత గుంజితే అంత బిగుస్తుంది. ఆయన చూడను కూడా చూడలేదు. ఒక కొస పట్టి లాగాడు. పురికొస జారిపోయింది.

ఆధార్ తీసి ఇచ్చాడు. దాని కింద పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు.

"అసలుది ఏది?" అన్నాడు రైటర్.

"బ్యాంకుల ఉన్నది సార్."

డీఐ బల్ల మీద పడివున్న పురికొసను చూస్తున్నాడు. కాసేపటికి వంగి బల్ల కింద నుంచి ఒక షూ తీసి తండ్రి ముందు పెట్టాడు.

"దీన్ని కూడా విప్పండి పెద్దాయనా. పొద్దున్నుంచి మావాళ్ల వల్ల కావడం లేదు."

ఆయన ఎడమచేత్తో షూ పట్టుకున్నాడు. కుడిచేత్తో కొస పట్టి లాగాడు. ఒక్క గుంజుకే ఊడింది.

లేసు చేతిలో ఉండగానే ఆయనకు అర్థమైంది. షూను మెల్లిగా బల్ల మీద పెట్టేశాడు.

"నాకు లేసులు కట్టరాదు సార్," అంది కూతురు. "ఎప్పుడు చెప్పులే ఏసుకున్న."

రైటర్ పెన్ను ఆపాడు. హెడ్ కానిస్టేబుల్ కిటికీ వైపు తిరిగాడు.

"ఎన్ని గంటలకు కట్టారు?" అడిగాడు డీఐ.

"ఏడు గొట్టంగ."

"కాగితం?"

"నేనే పెట్టిన. వదులైనయ్."

"వెళ్తావా అని ఆ పిల్లను అడిగారా?"

తండ్రి కూతురు వంక చూశాడు. అడగలేదన్నట్టు తల ఆడించాడు.

"ఇద్దరూ మీ పిల్లలే కదా."

"ఇద్దరు నా పిల్లలే సార్," అన్నాడాయన. "వాని మీద బ్యాంకుల నలభై లక్షల లోనున్నది. దీని మీద రూపాయి అప్పు లేదు."